చిట్టికి పిన్ని రాసేది

చిట్టీ,

డబ్బా పాలు లేకుండా నీ పాలతోనే బిడ్డని పెంచుతానన్నావని అక్క ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా ఉందో! కడుపుతో ఉండగా నీకు షుగరొచ్చింది కదా, దాంతోపాటే దిగులూ పట్టుకుంది, అందుకే రాస్తున్నాను.

పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించు. తల్లికి షుగరుంటే బిడ్డకి మొదటి గంటల్లో గ్లూకోజు పడిపోవచ్చు. మడమ దగ్గర చుక్క తీసి చూస్తారు, కంగారుపడకు. రెండు మూడు గంటలకోసారి పాలివ్వు, రాత్రిళ్లు కూడా. ఇన్సులిన్ మీదున్నావు కాబట్టి పాలు పడేసరికి మూడో రోజు దాటొచ్చు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "నీకు పాల్లేవమ్మా" అంటారు. ముర్రుపాలు చేత్తో పిండి చెంచాతో పట్టు. బిడ్డ బరువు, ఒంటేలు చూసి డాక్టరు చెబితేనే డబ్బా. అలా చెబితే మాత్రం మొండికెయ్యకు. పాలు పడాలని బెల్లం, నెయ్యి కూరికూరి పెడతారు, వద్దను. పాలు ఊరేది బిడ్డ చీకడం వల్లే.

ఇక అసలు సంగతి. నీ తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు అక్కకీ షుగరొచ్చింది. కాన్పైన రెండో రోజుకే మామూలైపోయింది, ఇంటిల్లిపాదీ పోయిందనుకున్నారు. మాయలోంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని పనిచేయనివ్వవు. మాయ పడిపోతే షుగరు దిగుతుంది, కానీ ఇన్సులిన్ తయారుచేసే క్లోమం బలహీనత అలాగే ఉంటుంది. కాన్పైన ఆరో వారం చేయించాల్సిన షుగరు పరీక్షకి అక్కని ఎవరూ తీసుకెళ్లలేదు. ఏడేళ్లకి కాలి పుండు మానక చూపిస్తే షుగరు మూడొందలు దాటింది. అన్నేళ్లూ అది లోపల తొలిచేస్తూనే ఉందన్నమాట. గర్భంలో షుగరొచ్చిన వాళ్లకి తర్వాత అది శాశ్వతంగా ఉండిపోయే ముప్పు మిగతా తల్లులకన్నా దాదాపు పది రెట్లు, చిట్టీ.

పాలివ్వడం ఆ ముప్పుని తగ్గిస్తుంది. పాలలోని చక్కెర నీ రక్తంలోని గ్లూకోజుతోనే తయారవుతుంది, క్లోమానికి ఆ మేరకు బరువు తగ్గుతుంది. కాలిఫోర్నియాలో గర్భంలో షుగరొచ్చిన వెయ్యిమంది తల్లుల్ని రెండేళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. పది నెలలు దాటి పాలిచ్చిన వాళ్లకి షుగరొచ్చే అవకాశం, రెండు నెలల్లోపే మానేసిన వాళ్లలో సగానికన్నా తక్కువ. తక్కువే గానీ, లేకుండా పోలేదు. పాలిస్తున్నాను కదా అని పరీక్ష మానేస్తావేమోనన్నదే నా భయం.

రాత్రి భోంచేశాక ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లు, నీళ్లు తాగొచ్చు. పరగడుపున రక్తం తీస్తారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి ఐదు నిమిషాల్లో తాగి, రెండు గంటలు కదలకుండా కూర్చుని మళ్లీ ఇవ్వాలి. రెండోది 140 లోపుంటే మంచిది, 200 చేరితే షుగరే. పరగడుపున 126 వచ్చినా అంతే. మూడు నెలల సగటు పరీక్ష చాల్లే అంటే ఒప్పుకోకు. కాన్పులో రక్తం పోయి ఉంటుంది కనక అది తప్పు చూపిస్తుంది. బాగుందన్నా ఏడాదికోసారి చేయించుకో.

ఆరో వారం బిడ్డ టీకాకి ఎలాగూ వెళ్తావు, అదే రోజు పెట్టుకో. పొద్దున్నే నేనొస్తాను. ఆ రెండు గంటలూ బిడ్డ నా ఒళ్లో ఉంటుంది.

మీ పిన్ని