అరవై మూడు వస్తువుల సంచి

చిరంజీవి అమ్మడుకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన జాబితా చదివాను. 63 వస్తువులు! ఆపదలో అందుకోవడానికి సంచి సర్దుతున్నావో, ఇల్లు మారుతున్నావో అర్థం కాలేదు. అడుగున చిన్న అక్షరాలతో ఇంకో సంగతి రాశావు: నెల రోజులుగా సరిగ్గా నిద్ర లేదనీ, తలుపు చప్పుడైనా గుండె దడదడలాడుతోందనీ. ఈ రెండూ వేర్వేరు అనుకున్నావు. నాకు ఒకటిగానే కనిపించాయి. ఆ జాబితాలో సగం నువ్వు రాయలేదు, నీ భయం రాసింది.

ముందు నీళ్ల లెక్క చూద్దాం. తాగడానికి, వంటకు, కాస్త శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, కనీసం మూడు రోజులకు. మీ ఇద్దరూ, ఇద్దరు పిల్లలూ, మీ మామగారూ కలిపి ఐదుగురు కాబట్టి 60 లీటర్లు, అంటే 60 కిలోలు. అంత బరువు భుజాన వేసుకుని మెట్లు దిగగలవా? అందుకే ఇవి రెండు వేర్వేరు ఏర్పాట్లు. ఇంట్లోనే ఉండి గడపాల్సి వస్తే ఒక మూలన నిల్వ. నిమిషాల్లో ఇల్లు వదలాల్సి వస్తే ఒక చేతి సంచి. నువ్వు రెంటినీ కలిపేశావు, అందుకే జాబితా అంత పొడుగైంది.

చేతి సంచిలో మనిషికో నీళ్ల సీసా, వండక్కర్లేని తిండి కొంచెం, టార్చిలైటు, పవర్ బ్యాంకు, చిన్న నోట్లుగా కొంత డబ్బు, గుర్తింపు కాగితాల నకళ్లు తడవని కవరులో. మీ మామగారు రోజూ వేసుకునే మందులు వారానికి సరిపడా, డాక్టరు చీటీ నకలుతో సహా. ఆయన పాత కళ్లజోడు కూడా. ముఖ్యమైన ఫోను నంబర్లు కాగితం మీద రాసి పెట్టు. నవ్వకు, ఫోను ఆగిపోతే మీ అమ్మ నంబరు నీకు నోటికి వస్తుందా?

ఈల దండగ అన్నావు, దాన్ని ఉంచు. ఎక్కడైనా చిక్కుకుపోయి అరిస్తే గొంతు త్వరగా బొంగురుపోతుంది. ఈలకు ఊపిరి చాలు, దాని చప్పుడూ దూరం పోతుంది. మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదాలి. సాయం కావాలనడానికి అది గుర్తు. పిల్లలకు నేర్పు, ఇష్టంగా నేర్చుకుంటారు, రెండు రోజులు నీ చెవులకు శిక్ష తప్పదు.

కొవ్వొత్తులు మాత్రం కొట్టేశాను. గ్యాసు కారుతోందో లేదో తెలియని చీకట్లో అగ్గిపుల్ల గీయడం కంటే తెలివితక్కువ పని లేదు. కరెంటు పోయిందని బొగ్గుల కుంపటిగానీ జనరేటర్‌గానీ ఇంట్లో పెట్టనివ్వకు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మందుల డబ్బాలో 12 రకాల మాత్రలు రాశావు. ఇంట్లో వాడేవి తప్ప మిగతావి తీసెయ్. గాజుగుడ్డ, కట్టుగుడ్డలు, కత్తెర, థర్మామీటర్, చేతి తొడుగులు చాలు. మిగిలింది చేతికి తెలియాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి, ఆగిందా అని మధ్యలో తీసి చూడకూడదు. కాలితే 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచాలి, మంచుగడ్డ వద్దు. విరేచనాలైతే లీటరు శుభ్రమైన నీటిలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కంటి కొలత పనికిరాదు.

ఇంత చెబుతున్న నేను ఏం చేశానో విను. ఒకప్పుడు బ్రహ్మాండంగా సంచి సర్ది, అటక మీద పెట్టి మరిచిపోయాను. అవసరమైన రాత్రి తీస్తే టార్చిలైటులో సెల్లులు కారి తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది, మాత్రల గడువు ఏనాడో తీరింది. తడుముకుంటూ నడిచి బల్ల తగిలి మోకాలు చిట్లింది. అప్పటి నుంచి సెల్లులు టార్చిలో వేయను, పక్కనే విడిగా పెడతాను. ఆరు నెలలకోసారి సంచి బోర్లించి చూస్తాను. పవర్ బ్యాంకును మూడు నెలలకోసారి చార్జి చేస్తాను.

ఇక నిద్ర సంగతి. సాయంత్రం, పడుకునే వేళకు బాగా ముందే, పావుగంట దిగులుకు కేటాయించు. నోటు పుస్తకంలో బుర్రలో తిరిగేవన్నీ రాసెయ్. ఒక్కోదాన్నీ ఒకే ప్రశ్న అడుగు: ఇది సంచిలో పడుతుందా? మందులు అయిపోతే ఎలా అన్నది పడుతుంది, రేపు తెచ్చి పెట్టెయ్. మా ఆయన ఉద్యోగం ఏమవుతుందో అన్నది పడదు. దాన్ని రేపటి పావుగంటకు వాయిదా వెయ్. రాత్రి రెండింటికి మళ్లీ వస్తుంది, తెలుసు. వస్తే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు, ఐదు నిమిషాలు. గాలి వదిలేటప్పుడు గుండె సహజంగానే కాస్త నెమ్మదిస్తుంది, ఆ వదలడాన్నే మనం సాగదీస్తున్నాం. మొదటి రెండు రాత్రులూ ఏమీ తేడా ఉండదు, విసుక్కోకు. సాయంత్రం కాఫీ మానెయ్, పక్క మీద ఫోనులో వార్తలు చూడటం అంతకంటే ముందు మానెయ్. ఇంకో రెండు మూడు వారాలకూ ఇలాగే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లు, దానికి పెద్దమ్మ ఉత్తరాలు చాలవు.

కొట్టేయగా 63లో 21 మిగిలాయి, జాబితా దీనితోపాటు పంపుతున్నాను. వచ్చే ఆదివారం రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసి, ఇంట్లో అందరూ టార్చిలైటు, చెప్పులు, సంచి ఎంతసేపట్లో అందుకుంటారో చూడు. ఏది దొరకలేదో నాకు రాయి.

మీ పెద్దమ్మ