15 నిమిషాలు, 25 అక్షరాలు

మీరు అడిగింది: "ధ్యానానికి కూర్చుంటే ఐదు నిమిషాలు కూడా నిలవలేను, డైరీ రాస్తే ఫిర్యాదుల చిట్టా అవుతోంది. ధ్యానంలా రాస్తూ మనసులో ఉన్నది బయటపెట్టడం కుదురుతుందా?" నాకు కుదిరింది. ఎలా కుదిరిందో చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

నాన్న పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. పదకొండో రోజు, పన్నెండో రోజు, వంటవాళ్ల లెక్కలు, ఊళ్లో ఇంటికి తాళం, అమ్మని హైదరాబాద్ తీసుకురావడం. వీటన్నిటి మధ్య టైమే లేదనుకున్నాను. తర్వాత టైమ్ దొరికినా రాలేదు. నిద్ర మాత్రం పోయింది. డైరీ మొదలుపెడితే మీలాగే అయ్యింది: ఎవరు పరామర్శకి రాలేదు, ఖర్చుల దగ్గర ఎవరు మొహం చాటేశారు, అదే గోల.

అప్పుడు మా అమ్మమ్మ రామకోటి గుర్తొచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యాక గళ్ల పుస్తకం తీసి, గడికొక 'శ్రీరామ' రాసుకుంటూ పోయేది. పుస్తకాలు నిండితే భద్రాచలం పంపేది. తాతయ్యతో గొడవైన రోజు రాసిన పేజీ తిప్పి చూస్తే వెనకవైపు అక్షరాలు చేతికి తగిలేవి. ఆ రోజు రామయ్య మీద కాస్త బరువు ఎక్కువ పడిందన్నమాట. ఎవరితోనూ ఒక్క మాట అనేది కాదు కానీ, లేచేసరికి ఆవిడ మొహం తేటగా ఉండేది.

నాకు అంత భక్తి లేదు. అందుకని పద్ధతి మాత్రం తీసుకున్నాను. రోజూ ఒకే టైమ్, ఒకే చోటు, కాగితం, పెన్ను. ముందు పది శ్వాసలు లెక్కపెట్టడం. తర్వాత 15 నిమిషాలు చెయ్యి ఆపకుండా రాయడం. ఏమీ తట్టకపోతే 'ఏమీ తట్టడం లేదు' అనే రాయడం. కొట్టివేతలు లేవు, వెనక్కి వెళ్లి చదవడం లేదు. ఫోన్లో వద్దు. నేను ప్రయత్నించాను, మధ్యలో కరెంటు బిల్లు మెసేజ్ వస్తుంది, అయిపోయింది.

ఆ 15 నిమిషాలు గాలిలోంచి పట్టుకున్నవి కావు. 1986లో జేమ్స్ పెన్నబేకర్, శాండ్రా బీల్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమని కలచివేసిన సంఘటనల గురించి రాయించారు. జరిగినదాన్నీ, దాని మీద తమ భావాలనీ కలిపి రాసినవాళ్లకి రాసిన వెంటనే మనసు ఇంకా పాడైంది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. నాకూ మొదటి మూడు రోజులు నరకమే. ఆ సంగతి ముందే తెలిసుండకపోతే మానేసేవాణ్ణి.

అయితే వట్టిగా రాసుకుంటూ పోతే మళ్లీ చిట్టాలోకే జారతాం. నన్ను నిలబెట్టింది నానీ. 1997లో ఆచార్య ఎన్. గోపి మొదలుపెట్టిన చిన్న కవితా ప్రక్రియ: నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. 15 నిమిషాలు అయ్యాక, రాసిన దాంట్లోంచి ఒక్క నానీ తీయాలి. నా మొదటిది ఇది:

నాన్న లేని ఇంట్లో అడుగుపెడితే
గుండె బరువెక్కింది
గోడలు కూడా
నాతో ఏడ్చాయి

లెక్కపెడితే 29. నాలుగు తీసేయాలి. ఏవి తీయాలా అని చూస్తుంటే అసలు సంగతి బయటపడింది: గోడలు ఏడవలేదు. నేనూ ఏడవలేదు. మొత్తం అబద్ధం! సినిమాల్లో విన్న మాటలు తెచ్చి పేర్చాను. మరి ఆ రోజు ఇంటి ముందు నిలబడినప్పుడు నిజంగా ఏం జరిగింది? కళ్లు మూసుకుని కూర్చున్నాను. తాళం, గొళ్ళెం, అది కదిలిన చప్పుడు. ఆ చప్పుడుకి లోపల్నుంచి నాన్న ఎప్పుడూ ఒకసారి దగ్గేవాడు, 'ఉన్నానురా' అన్నట్టు.

తాళం తీస్తే
గొళ్ళెం కదిలింది
నాన్న దగ్గు మాత్రం
వినిపించలేదు

22 అక్షరాలు. చివరి పాదం రాస్తుంటే కాగితం తడిసింది.

'దుఃఖం', 'బాధ', 'ఒంటరితనం' లాంటి మాటలు నా నోటుబుక్కులో ఇప్పుడు నిషేధం. ఆ పేరు పెట్టగానే వెతకడం ఆగిపోతుంది. చెవికి ఏం వినపడింది, చేతికి ఏం తగిలింది అన్నంత వరకే రాస్తాను. ఇది ధ్యానమేనా అని సాధకులెవరైనా నిలదీస్తే నేను వాదించను. విపశ్యన పదిరోజుల శిబిరాల్లో చదవడం, రాయడం రెండూ కుదరవు, వాళ్ల కారణాలు వాళ్లవి. నాకైతే అక్షరాలు లెక్కపెట్టే ఆ కాసేపే మనసు ఒకచోట కూర్చుంటుంది.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. బాగా వచ్చినవాటిని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాను. 'సూపర్ అన్నయ్యా', దండాల బొమ్మలు. వారం తిరిగేసరికి ఏది రాస్తే ఎన్ని దండాలు వస్తాయో చూసుకుని రాస్తున్నాను! వెంటనే ఆపేశాను.

ఇంకో మాట. రాసిన కొద్దీ ఊబిలోకి దిగుతున్నట్టుంటే, వారం దాటినా తేరుకోకపోతే, పెన్ను పక్కన పెట్టి మనిషితో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ (14416) ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఆ నానీ అమ్మకి నాలుగు నెలల తర్వాత చదివి వినిపించాను. నాన్న గురించి అప్పటిదాకా మేమిద్దరం ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. అమ్మ విని, కాసేపాగి, "గొళ్ళెం దాకా ఎక్కడరా, వీధి మలుపులో నీ చెప్పుల చప్పుడుకే దగ్గేవారు" అంది.

చెప్పుల చప్పుడుతో తిరగరాస్తున్నాను. లెక్క 27 దగ్గరే ఆగుతోంది.