ఇద్దరు విలియమ్‌లలో మనవాడెవరు?

ప్రశ్న: మా వంశంలో ఒక పాయ ఇంగ్లండులో నార్‌ఫోక్ కౌంటీ పల్లెదాకా వెళ్తుంది. 1851 జనాభా లెక్కల్లో విలియమ్, పొలం కూలీ, వయసు 35, పుట్టింది ఆ పారిష్‌లోనే (ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధి) అని ఉంది. బాప్తిస్మాల రిజిస్టర్‌లో అదే ఇంటిపేరుతో ఇద్దరు విలియమ్‌లు తేలారు: ఒకడు 1815 మేలో, ఇంకొకడు 1817 జనవరిలో. ఇద్దరి తల్లిదండ్రులూ జాన్, మేరీయే. వయసు సరిపోతోంది కాబట్టి మొదటివాణ్ణే ఖాయం చేసుకోవచ్చా?

జవాబు: తొందరపడకండి. ముందు ఖననాల రిజిస్టర్ తీయండి. ఒక బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం అప్పట్లో మామూలే. ఆ రెండు తేదీల మధ్య ఆ పేరుతో పసివాడి ఖననం ఉంటే, రెండోవాడే మీవాడు. జనాభా లెక్కల్లో వయసు ఏడాదో రెండేళ్లో తేడా రావడం వింత కాదు. 1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కనుక ఖననం పద్దులో వయసు, నివాసం రాసే గడులుంటాయి. అంతకు ముందు చాలా ఊళ్లలో పేరూ తేదీ తప్ప మరేమీ దొరకదు.

ఖననం కనబడకపోతే, జాన్‌లే ఇద్దరున్నారేమో చూడాలి. 1813 తర్వాతి బాప్తిస్మం ఫారంలో తండ్రి వృత్తి, నివాసం ఉంటాయి. ఒకచోట కూలీ, మరోచోట చెప్పులు కుట్టేవాడు అని ఉంటే అనుమానించాల్సిందే. ఆ ఇంటిపేరుతో 1800 నుంచి 1830 దాకా ఉన్న బాప్తిస్మాలన్నీ తేదీల వరసలో ఒక కాగితం మీదికి ఎక్కించండి. ఒక తల్లి బిడ్డల మధ్య సాధారణంగా రెండు మూడేళ్ల ఎడం ఉంటుంది. నాలుగు నెలల ఎడంలో ఇద్దరు కనిపిస్తే, రెండు జంటలన్నా అయి ఉండాలి, ఒక బిడ్డకు ఆలస్యంగా బాప్తిస్మం చేయించైనా ఉండాలి. ఐదారేళ్ల ఖాళీ వస్తే పొరుగు పారిష్ రిజిస్టర్ కూడా చూడండి. మేరీ చనిపోయి, జాన్ మరో మేరీని పెళ్లాడి ఉండొచ్చు కూడా. ఈ మలుపు దగ్గరే చాలా వంశవృక్షాలు తప్పుదారి పడతాయి.

ఇంకో మాట. ముగ్గురు నలుగురు పిల్లలకు ఒకే ఆదివారం బాప్తిస్మం చేయించినవాళ్లున్నారు. అలాంటప్పుడు కొందరు పాదిరులు పుట్టిన తేదీని పక్క అంచులో రాసేవారు. వెబ్‌సైట్ సూచికల్లోకి అది తరచూ ఎక్కదు, కాబట్టి పేజీ ఫోటో తెరిచి చూడాల్సిందే.

విలియమ్ పెళ్లి 1837 జూలై తర్వాత చర్చిలో జరిగి ఉంటే, ఆ రిజిస్టర్‌లోనే అతని తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. సర్టిఫికెట్‌లో ఉండేవీ అవే గడులు. ఫోటో దొరికాక డబ్బు కట్టి అది తెప్పించుకోనక్కర్లేదు.

ప్రశ్న: జాన్, మేరీల పెళ్లి ఆ ఊరి రిజిస్టర్‌లో లేదు. ఎక్కడ వెతకాలి?

జవాబు: పెళ్లి ఎక్కువగా వధువు పారిష్‌లో జరిగేది. మొదటి బిడ్డ బాప్తిస్మం నుంచి వెనక్కి వెళ్తూ, చుట్టూ పది మైళ్ల లోపు పారిష్‌లు చూడండి. పెళ్లినాటికే గర్భవతి అయిన వధువులు బాగానే ఉండేవారు, కాబట్టి తొమ్మిది నెలల లెక్క కట్టకండి. 1754 నుంచి బాన్స్ (పెళ్లికి ముందు చర్చిలో చదివే ప్రకటన) నమోదు తప్పనిసరి. మూడు ఆదివారాలు ఇద్దరి పారిష్‌లలోనూ చదివేవారు కనుక, మీ ఊరి బాన్స్ పుస్తకంలో వధువు ఊరి పేరు ఉండొచ్చు. అయితే బాన్స్ చదివినంత మాత్రాన పెళ్లి జరిగినట్టు కాదు. రిజిస్టర్ చెమ్మకు పాడైతే, ఏటా బిషప్‌కు పంపిన నకళ్లు చూడండి. ఇంటిపేరు గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసేవాడు. హాకిన్స్ కాస్తా ఆకిన్స్ అయిపోవచ్చు.

ప్రశ్న: కూలీ కుటుంబం ఎలా బతికిందో చెప్పే కాగితాలు ఉంటాయా?

జవాబు: పేదవాళ్లయితేనే ఎక్కువ దొరుకుతాయి! 1834కు ముందు పేదల పోషణ భారం పారిష్‌దే. ఓవర్సీర్ల (పేదల సాయం చూసే పారిష్ అధికారుల) పద్దుల్లో వారానికి ఎన్ని షిల్లింగులు ఇచ్చారో, ఎవరికి బూట్లు కొన్నారో, ఎవరి కాన్పుకు మంత్రసానికి చెల్లించారో ఉంటుంది. వాటికన్నా విలువైనది సెటిల్‌మెంట్ విచారణ. సాయం అడిగినవాడు ఏ పారిష్‌కు చెందుతాడో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేట్లు ప్రమాణం చేయించి అడిగేవారు: ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర ఎంతకాలం పనిచేశావు, పిల్లలెందరు? పెళ్లికానివాడు ఒక పారిష్‌లో నిండా ఏడాది జీతానికి ఉంటే అక్కడ సాయం పొందే హక్కు వచ్చేది. అది రాకుండా 51 వారాలకే కుదుర్చుకున్న రైతులున్నారు. హక్కు లేదని తేలితే భార్యాపిల్లలతో సహా వెనక్కి పంపే ఆర్డరు ఉంటుంది. ఇవి కౌంటీ రికార్డు ఆఫీసులో ఉంటాయి. ఏవి మిగిలాయో బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వారి ఆన్‌లైన్ ‘డిస్కవరీ’ కేటలాగులో పారిష్ పేరు కొట్టి చూడండి. అన్ని ఊళ్లవీ మిగల్లేదు.

ప్రశ్న: ‘12 ఫిబ్రవరి 1731/2’ అంటే ఏ ఏడాది?

జవాబు: మన లెక్కలో 1732. 1752కు ముందు ఇంగ్లండులో ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కొందరు గుమాస్తాలు గీత పెట్టకుండా ఒట్టి 1731 అని రాసి వదిలేశారు. అందుకే 1731 మే పెళ్లి, ‘1731’ ఫిబ్రవరి బాప్తిస్మం కనిపిస్తే తలకిందులైందని కొట్టేయకండి. ఆ బిడ్డ పెళ్లయిన తొమ్మిది నెలలకు పుట్టినవాడే.