గుర్రం ఫొటో కింద రేటు రాయి బిడ్డా

చిరంజీవికి పెద్దనాయన దీవెనలు.

నువ్వు వాట్సాప్‌లో అమ్మకానికి పెట్టిన గుర్రం ఫొటో తిరిగి తిరిగి పెబ్బేరులో నా దాకా వచ్చింది. ఫొటో బాగుంది. కింద "రేటు కోసం ఫోన్ చేయండి" అని రాసినావు, అది నచ్చలేదు. రెండు వారాలుగా ఫోన్లు మోగుతూనే ఉన్నాయట, నల్లగొండ దాకా వచ్చి చూసినవాడు ఒక్కడూ లేడట. మీ అమ్మ చెప్పింది, నువ్వు టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది. లక్ష పెట్టగలిగేవాడు, మూడు లక్షలు పెట్టగలిగేవాడు, ఊరికే అడిగేవాడు, అందరూ నీకే ఫోన్ చేస్తున్నారు. నిజంగా కొనేవాడు మాత్రం "రేటు దాచిండంటే ఎక్కువే చెప్తాడు" అనుకుని ఇంకో గుర్రం చూసుకుంటాడు.

అంగట్లో కూడా రేటు పైకి చెప్పరు కదా అంటావేమో. పశువుల అంగళ్లలో తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరం చేయడం నేనూ చూసినవాణ్ణే. కానీ అక్కడ దాచేది చుట్టూ నిలబడ్డవాళ్లకు. కొనేవాడికి రేటు వేళ్ల మీద తెలుస్తూనే ఉంటుంది, పశువు పక్కనే ఉంటుంది. పళ్లు చూస్తాడు, కాళ్లు ఎత్తి చూస్తాడు, నాలుగు అడుగులు నడిపిస్తాడు. నాందేడ్ దగ్గర మాలేగావ్ ఖండోబా జాతరకు గుర్రం కోసం పోయినవాడు కూడా కళ్లతో చూసే బేరానికి దిగుతాడు. నీ ఫొటోలో గుర్రాన్ని తాకి చూడలేడు, రేటూ లేదు. ఇంక దేన్ని నమ్మి బస్సెక్కాలి?

నేను కూడా ఒకసారి గుర్రం అమ్మబోయి ఇట్లాగే చెడగొట్టుకున్నాను. మాట తీరును బట్టి ఒకాయనకు లక్షా ఇరవై వేలు చెప్పి, హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినాయనకు లక్షా యాభై చెప్పాను. ఇద్దరూ బరాత్ గుర్రాలు తిప్పేవాళ్లే, ఒకరికొకరు తెలిసినవాళ్లే. సాయంత్రానికల్లా ఇద్దరూ నా ఫోన్ ఎత్తడం మానేశారు. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో, ఉలవల ఖర్చు మోయలేక, లక్షకే ఇచ్చేశాను. డబ్బు పోయినందుకు కాదు, నా మాట మీద గురి పోయినందుకు చాలా రోజులు కుమిలిపోయాను.

ఒక్క కారణానికి రేటు దాచితే నేను తప్పు పట్టను. గుర్రం ఎవరి చేతిలో పడుతుందో ముందు మనిషిని చూడాలి అనుకోవడం. దానికీ దాచనక్కర్లేదు, రేటు రాసి "మనిషిని చూసే ఇస్తాం" అని పక్కన రాయి.

కొంత తగ్గించే ఉద్దేశం ఉంటే "బేరం ఉంది" అని రాయి. ఎంత దాకా దిగుతావో నీ మనసులోనే పెట్టుకో. జీను, కల్లెం ఆ రేటులోనే ఇస్తావా, బండి కిరాయి ఎవరిది, స్పష్టంగా రాయి. వయసు "చిన్నది" అని రాయకు. ఐదేళ్లు వచ్చేసరికి ముందరి పాలపళ్లన్నీ ఊడి కొత్తవి వస్తాయి, తెలిసినవాడు నోరు తెరిచి చూడగానే చెప్తాడు. నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉన్న పంచకల్యాణి అయితే రాయి, ఒంటి మీద వెంట్రుకల సుడులు ఎక్కడున్నాయో అదీ రాయి, మనకు నమ్మకం లేకపోయినా కొనేవాడికి ఉంటుంది. గ్లాండర్స్ పరీక్షకు పశువుల డాక్టర్‌తో రక్తం తీయించు. అది గుర్రాల నుంచి మనుషులకూ అంటుకునే రోగం. ఆ కాగితం చేతిలో ఉంటే నువ్వు అడిగే రేటుకు బలం వస్తుంది.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. ఆ గుర్రం బ్యాండుకు అలవాటు పడింది గానీ పటాకుల చప్పుడుకు బెదురుతుంది. కిందటి మాఘంలో నా కళ్లతో చూశాను. అది రాయకుండా ఏ రేటు రాసినా అబద్ధమే అవుతుంది. దాని మీద కూర్చునేది ఒక ఇంటి పెళ్లికొడుకు బిడ్డా, కింద పడితే నువ్వు తీసుకున్న డబ్బు ఏ ఆస్పత్రికి చాలుతుంది? పది వేలు తగ్గించు, ఆ మాట మాత్రం రాయి. పొలాల్లో, తోటల్లో సవారీకి కొనేవాడు దొరుకుతాడు, వాడికి పటాకులతో పని లేదు.

బయానా పంపుతానని క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమనేవాళ్లు ఉంటారు. డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు, ఫోన్ పెట్టేయ్.

పాత ఫొటో తీసేసి, కొత్తది పెట్టే ముందు నాకు పంపు. ఎత్తు కూడా మళ్లీ కొలువు, గచ్చు మీద నిలబెట్టి, తల దగ్గర కాదు, మూపు దగ్గర.

మీ పెద్దనాయన