వెన్నెముక గురించి రాయబోయే అమ్మాయికి

ఒంగోలు

అమ్మా,

నీ ఉత్తరం, దానితో పాటు పంపిన వ్యాసం అందాయి. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చే రోగుల వెన్నెముకలను ఏళ్ల తరబడి పరిశీలిస్తున్న ఎముకల డాక్టరు గారి మీద రాయాలనుకున్నావు. చాలా సంతోషం. మన వైపు పిల్లలు ఈ విషయం పట్టుకుని రాయాలని ఎప్పటి నుంచో నా కోరిక.

అయితే మొదటి రెండు పేజీల నిండా ఆయన దేవుడు, అపర ధన్వంతరి, నిరాడంబరుడు. మూడో పేజీకి వచ్చినా ఆయన చేస్తున్న పని ఏమిటో నాకు అంతుపట్టలేదు. ఆ రెండు పేజీలూ తీసెయ్యి. నీళ్లలోని ఫ్లోరైడ్ ఒంట్లో పేరుకుని వచ్చే జబ్బు, ఫ్లోరోసిస్ వల్ల వెన్నుపాము నలిగిన మనిషికి ఆపరేషన్ ఏ దశలో చేస్తే నడక తిరిగి వస్తుంది? ఆయన్ను ఇన్నేళ్లుగా పట్టి పీడిస్తున్న ప్రశ్న ఇదే. నీ వ్యాసంలో ఇది ఎక్కడో చివర ఒక్క వాక్యంలో నలిగిపోయింది. దీన్ని ముందుకు తీసుకురా. ఆయన మీద గౌరవం పాఠకుడికి దానంతటదే కలుగుతుంది.

ఈ ప్రశ్న ఎంత కష్టమైనదో తెలియాలంటే ముందు నీకు ఎముక తెలియాలి. తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలో పేరుకుంటుంది. ఎముక చిక్కబడి ఎక్స్‌రేలో మామూలు కంటే తెల్లగా కనిపిస్తుంది. చిక్కబడింది కదా అని బలపడిందనుకోకు, పెళుసుబారుతుంది. పూసలను కట్టి ఉంచే స్నాయువులు కూడా క్రమంగా ఎముకగా మారతాయి. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వస్తుంది. వెన్నుపాము సాగే దారి ఇరుకైపోయి కాళ్లలో తిమ్మిరి, నడకలో తడబాటు మొదలవుతాయి. ముదిరితే మూత్రం మీద అదుపు పోతుంది. ఆ ఇరుకు తీయడానికి పూస వెనక భాగాన్ని తొలగిస్తారు. కానీ ఎముకగా మారిన స్నాయువు వెన్నుపాము పైపొరకు అంటుకుపోయి ఉండవచ్చు. దాన్ని విడదీసేటప్పుడు చెయ్యి కాస్త తప్పినా ఉన్న నడక కూడా పోవచ్చు. ఆపరేషన్ చేయాలా వద్దా అని డాక్టరు తర్జనభర్జన పడేది ఇక్కడే. నువ్వు కూడా ఇక్కడ ఆగు, తొందరపడి దాటెయ్యకు.

ఫలితాన్ని ఎలా కొలుస్తారో ఆయన్ను అడిగావా? జపాన్ ఎముకల వైద్యుల సంఘం తయారుచేసిన కొలమానం ఒకటుంది. అందులో చేతుల పనితనానికి గుర్తు, చాప్‌స్టిక్‌లతో తినగలగడం. తర్వాత దాన్ని మార్చి, చెంచాతో తినగలరా, చొక్కా బొత్తాలు పెట్టుకోగలరా అని అడిగేలా చేశారు. ఈ మార్చిన దానిలో మొత్తం 18 మార్కులు. చేతితో అన్నం తినే పొదిలి రైతును ఏమని అడగాలి? పప్పు, అన్నం ముద్ద కలుపుకోగలుగుతున్నావా అనే కదా! నీ డాక్టరు గారు ఏమని అడుగుతున్నారో, ఎన్ని మార్కులు వేస్తున్నారో ఆయన పక్కన కూర్చుని చూసి రాయి. పరిశోధన అన్న మాటకు ప్రాణం అక్కడ వస్తుంది.

పాత కాగితాలు వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకో. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును మొదట వర్ణించింది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని మన ప్రాంతం నుంచే. షార్ట్, మెక్‌రాబర్ట్ తదితర వైద్యులు రాశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకూ దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. అందుకని ఆ కాలపు వ్యాసాల్లో నెల్లూరు పేరుతోనే వెతకాలి.

నడుము నొప్పి అన్న ప్రతివాళ్లకూ ఫ్లోరోసిస్ అంటగట్టకు. వెన్ను క్షయ ఉంటుంది, డిస్కు జారడం ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడానికి డాక్టరు పడే శ్రమ కూడా కథలో భాగమే. నీళ్లు మరిగించి తాగితే చాలన్న నీ వాక్యం మాత్రం వెంటనే కొట్టెయ్యి. మరిగిస్తే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. చదివినవాళ్లు నమ్మి పాటిస్తే ప్రమాదం. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వసతి లేనిచోట 1.5 వరకు ఫరవాలేదని మన దేశ ప్రమాణం. ఆ అంకె ఇచ్చి, రోగుల ఊళ్లలో బోరునీటి పరీక్షల్లో ఎంత వచ్చిందో సంపాదించి పక్కన పెట్టు.

ఇంకొకటి అడుగుతాను. వ్యాసంలో చేతికర్రతో వచ్చిన ఆ పెద్దమ్మ గురించి నాలుగు పేరాలు కన్నీళ్లు పెట్టించావు. ఆమె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లాక ఏ నీళ్లు తాగుతోంది? శస్త్రచికిత్స ఇరుకును తీస్తుందే గాని ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను తీయలేదు. మళ్లీ అదే బోరు నీళ్లయితే డాక్టరు గారి శ్రమ ఏమైనట్టు? ఆమె ఊరికి వెళ్లి బిందె ఎక్కడ నింపుకుంటోందో కనుక్కుని రా.

తిరగరాశాక శాస్త్రం వరకు ముందు డాక్టరు గారికే చూపించు. పొగడ్తలు తీసేశావని ఆయన నొచ్చుకోరు. ఆ తర్వాత నాకు పంపు, దసరా లోపు వస్తే తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు