ఏపీటీటీ సాగిందా? ముందు ట్యూబు చూడు

అమ్మడూ,

నిన్ను ల్యాబులో కోయాగ్యులేషన్ (రక్తం గడ్డకట్టే పరీక్షల) బెంచీకి మార్చారని, రిపోర్టు తేడాగా వస్తే టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముప్ఫై ఏళ్లు ఆ బెంచీ దగ్గరే పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మెషీన్ ఏపీటీటీ, అంటే ప్లాస్మా గడ్డకట్టడానికి పట్టే టైము, సాగిపోయి 90 సెకన్లని చూపించగానే పేషెంటును అనుమానించకు. ముందు ట్యూబు చేతిలోకి తీసుకో. నీలం మూత ట్యూబులో సిట్రేటు (రక్తం గడ్డకట్టకుండా పోసే ద్రవం) ఒక పాలుంటే రక్తం తొమ్మిది పాళ్లుండాలి. గీత దాకా నిండకపోతే సిట్రేటు ఎక్కువై టైము సాగిపోతుంది. తర్వాత రెండు చెక్కపుల్లలు అడుగుదాకా ముంచి తిప్పి చూడు. ఎర్రటి సన్న పోగు ఒక్కటి పుల్లకు చుట్టుకున్నా ట్యూబులోనే గడ్డకట్టినట్టు, ఆ శాంపిల్ రిజెక్టే.

అప్పుడు వార్డుకు ఫోన్ చేసి రక్తం ఎక్కడి నుంచి తీశారో అడుగు. నా కొత్తలో నేను అడగలేదు. డయాలసిస్ పేషెంటు శాంపిల్ టెస్టులో అసలు గడ్డకట్టలేదు, అలాగే రిపోర్టు ఇచ్చేశాను. ఆపరేషన్ ఆపేశారు. మర్నాడు చేతి నరం నుంచి తీస్తే అంతా నార్మల్. మొదటిరోజు హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) నింపిన క్యాథెటర్ నుంచి తీశారట. ఆ మనిషి రోజంతా పస్తున్నాడన్న సంగతి నేటికీ మర్చిపోలేదు. అనుమానముంటే థ్రాంబిన్ టైము అనే ఇంకో గడ్డకట్టే టెస్టు చెయ్యి. అది సాగి, హెపారిన్ ప్రభావం పడని రెప్టిలేజ్ టైము మామూలుగా ఉంటే చాలావరకు హెపారినే.

శాంపిల్ మంచిదే అయితే మిక్సింగ్ టెస్టు. పేషెంటు ప్లాస్మా సగం, నార్మల్ ప్లాస్మా సగం. టైము దిగివస్తే ఏదో ఫ్యాక్టర్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్) తక్కువైనట్టు. దిగకపోతే రక్తంలో అడ్డుపడేది ఉన్నట్టు. కానీ వెంటనే దిగిందని సంబరపడకు. 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచి మళ్లీ చెయ్యి, ఫ్యాక్టర్ 8 మీద పుట్టే యాంటీబాడీ నిదానంగా పనిచేస్తుంది. పక్కనే నార్మల్ ప్లాస్మాను విడిగా ఉంచడం మరవకు, వేడికి దానిలోనూ ఫ్యాక్టర్ 8 కాస్త తగ్గుతుంది.

టైము సాగిందంటే రక్తస్రావమే అనుకోవద్దు. ఫ్యాక్టర్ 12 తక్కువైనవాళ్లకు దానివల్ల నెత్తురు ఎక్కువ కారదు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీ ఉంటే ఒంట్లో రక్తం గడ్డలు కట్టే ప్రమాదం ఎక్కువ. అది తేలితే 12 వారాల తర్వాత మళ్లీ చూడాలి.

దీనికి విరుద్ధంగా ఇంకొకటుంది. బొడ్డు ఊడినచోట నెత్తురు ఆగని పసిబిడ్డ వస్తుంది. పీటీ (ఇంకో గడ్డకట్టే టెస్టు), ఏపీటీటీ రెండూ నార్మల్! అక్కడితో వదిలెయ్యకు. మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతంలో ఫ్యాక్టర్ 13 లోపం గుర్తుకు రావాలి. గడ్డను 5 మోలార్ యూరియాలో వేసి చూడు. మామూలు గడ్డ మర్నాటికీ అలాగే ఉంటుంది. లోపం తీవ్రంగా ఉంటే కరిగిపోతుంది.

ప్లాస్మా మిగిలితే పారబొయ్యకు. రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి, చిన్న వయల్స్‌లో పంచి, మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టు. ఆ పసిబిడ్డకు ఇంకోసారి సూది గుచ్చే బాధ తప్పుతుంది.

ప్రేమతో,
పెద్దమ్మ