ఆదిలాబాద్ ఎండల్లో బీరు ఈస్ట్ స్టార్టర్ ఎలా చేయాలి?

గడువు తేదీ దగ్గరపడిన లిక్విడ్ ఈస్ట్‌ను (బీరును పులియబెట్టే, ద్రవరూపంలో దొరికే ఈస్ట్) నేరుగా బీరు ద్రావణంలో పోయొచ్చా అని అడిగారు. వద్దు, బతికున్న కణాలు తగ్గిపోయి ఉంటాయి; ముందు స్టార్టర్, అంటే ఈస్ట్ కణాలను పెంచే చిన్న మాల్ట్ ద్రావణం, చేయండి. లీటరు నీళ్లలో 100 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన పొడి) కలిపి 15 నిమిషాలు మరిగించండి. పొంగుతుంది, పెద్ద గిన్నె తీసుకోండి. గ్రావిటీ (నీటితో పోలిస్తే ద్రావణం సాంద్రత) 1.040 దాటనివ్వకండి, చిక్కనైతే ఈస్ట్ నీరసిస్తుంది.

20–24 డిగ్రీలకు చల్లారాకే ఈస్ట్ వేయాలి. మే నెలలో ఇక్కడ కుళాయి నీళ్లే వేడిగా వస్తాయి, ఐసు నీళ్ల తొట్టి తప్పదు. శుభ్రం చేసిన సీసాలో పోసి మూత బిగించకుండా ఫాయిల్ వదులుగా కప్పండి. అటు వెళ్లినప్పుడల్లా సీసాను గిరగిరా తిప్పండి, గాలి అందితేనే కణాలు పెరుగుతాయి. 24–36 గంటలయ్యాక కదపకుండా ఉంచితే అడుగున మీగడ రంగు మడ్డి పేరుకుంటుంది, అదే పెరిగిన ఈస్ట్. వెనిగర్ వాసన కొడితే మాత్రం పారబోయండి. డ్రై ఈస్ట్‌కి ఇదంతా అక్కర్లేదు.